ఫైలు పూర్తయ్యేదాకా

సగం ఊపిరితిత్తులే ఉన్నాయేంటండీ ఈయనకి, అని మా ఆస్పత్రి పై అంతస్తు డాక్టరమ్మ ఫోన్లో నవ్వింది, నేను గబగబా తెరిచి చూశాను, ఎక్స్‌రేలో కింది సగమంతా నలుపే, ఎక్స్‌రే మిషన్ ఇంకా ఆ బొమ్మ ఫైలు రాస్తూనే ఉంది, నా ప్రోగ్రామేమో ఐదు సెకన్లకోసారి ఫోల్డర్‌లోకి తొంగి చూసి, కొత్త పేరు కనబడటమే చాలని ఆవిడకి పంపేసింది, సగం కాక ఏ అంగుళమో పోయుంటే ఆవిడా గమనించేది కాదు, ఎక్స్‌రే తీయించుకున్న ఆ వెల్డింగ్ పనాయన ఏమీ లేదటలే అని దగ్గుకుంటూ ఇంటికి పోయేవాడు, మధ్యాహ్నం మళ్ళీ పేషెంట్లు వచ్చేలోపు సరిచేయాలి, మూడువందల లైన్లు, లూపులో లూపు, దాని పొట్టలో ఇంకోటి, ఎవడ్రా ఇది రాసిందని తిట్టబోతే పైన నా పేరే ఉంది.

తొంగి చూడటం తీసేశాను, కొత్త ఫైలొస్తే సిస్టమే కబురు చేస్తుంది, కబురొచ్చినా ఎగబడకూడదు, సైజు చూడాలి, కాసేపాగి మళ్ళీ చూడాలి, పెరిగితే ఇంకా రాస్తోందని అర్థం, పొద్దున మా అమ్మాయి, నాన్నా లెక్కల పరీక్షలో నేను, అంటుండగానే మళ్ళీ ఫెయిలా అన్నాను, బ్యాగు తగిలించుకుని చక్కా పోయింది, దానికీ మొండితనం ఎక్కువే, సరే, పెరగడం ఆగాక తెరిచి, బొమ్మ చివరిదాకా ఉంటేనే పంపాలి, వినేది ఒకటి, ఆగేది ఒకటి, పంపేది ఒకటి, మొత్తం నలభై లైన్లు, ఎక్స్‌రే తీసే అన్న పాత ఫిల్ములు పది మళ్ళీ పంపి చూశాడు, పదీ నిండుగా వచ్చాయి, మరి ఇన్నాళ్ళూ ఆ మూడొందల లైన్లు ఏం వెలగబెట్టాయ్ అన్నాడు, తొందరపడ్డాయన్నా అన్నాను.

భోజనం డబ్బా తెరవబోతుంటే ఫోన్, అమ్మాయి, స్కూలు ఆఫీసు నుంచి, నాన్నా, పొద్దున చెప్పబోయింది, లెక్కల్లో నేను, అని ఆగింది, ఫెయిలయ్యావు అంతేగా అన్న మాట నాలిక చివరిదాకా వచ్చింది, మింగేశాను, ఒక సెకను, రెండు, ఉన్నావా నాన్నా, ఉన్నాను చెప్పమ్మా, టీచర్ కూడికలో పొరబడి నాకు పన్నెండు మార్కులు ఎక్కువేసింది, అవి తీసేస్తే ఫెయిలే, అయినా ఇప్పుడెళ్ళి చెప్పేస్తున్నా, ముందు నీకు చెబుదామనుకున్నా పొద్దున, అంది, వెళ్ళి చెప్పు తల్లీ అన్నాను, పొద్దున నేనన్నదీ అబద్ధం కాదు, ఫెయిలే, కానీ నా కూతురు ఉన్నది ఇన్నేళ్ళూ నేను ఆగి వినని ఆ మిగతా సగంలో.