ఆట చూడవచ్చిన ఆడవాళ్లు

కృపమ్మ టీచరుకు ముందు నంద్యాలలో ఆడపిల్లలకు బాస్కెట్‌బాల్ నేర్పినవాళ్లు లేరు. మా కాలేజీ వెనక రెండు గుంజలు పాతించి, పీపాల ఇనుప కట్లు వాటికి బిగించి, వోణీలు నడుముకు చుట్టించి మమ్మల్ని పరుగెత్తించింది. ఐదుగురి జట్టును ఒక్కసారైనా కర్నూలు పోటీలకు తీసుకుపోవాలని ఆమె పంతం.

సాయంత్రాలు ప్రహరీ పక్కన పెద్దవయసు ఆడవాళ్లు చేరేవారు. టీచరు సంబరం చూడాలి! ఊరికి ఆట మీద మోజు పుట్టిందనుకుని వాళ్లకు చాపలు వేయించింది, మంచినీళ్లు ఇప్పించింది, మమ్మల్ని ఇంకా గట్టిగా ఆడమంది. పిచ్చితల్లి! వాళ్లకు బంతితో పనేముంది? కోడళ్లను వెతుక్కోవడానికి వచ్చారు. పెళ్లిచూపుల్లో పిల్ల నాలుగడుగులు నడిస్తే కాలి లోపం తెలిసేనా? ఇక్కడైతే గంటసేపు పరుగు, ఆయాసం ఉన్నా బయటపడుతుంది. బాగా ఆడిన పిల్లకే ముందు సంబంధం కుదిరేది. ఆమె నేర్పేకొద్దీ జట్టు ఖాళీ అయ్యేది.

ఈ సంగతి ఆమె తలకెక్కేసరికి మూడేళ్లు పోయాయి. 1957లో మళ్లీ ఐదుగురం కుదిరాం. అహల్య విసిరితే బంతి రింగులో పడాల్సిందే. పోటీలు దగ్గర పడ్డాయనగా పట్టుచీరలు కట్టుకున్న ఆడవాళ్లు వచ్చి చాప మీద కూర్చున్నారు.

"కుంటు అహల్యా," అంది టీచరు మెల్లగా. "కర్నూలు పోయొచ్చేదాకా ఆ యమ్మల ముందర కుంటు."

అహల్య కుంటింది. ఆ సంబంధం తప్పింది. మేమందరం చాటుగా పగలబడి నవ్వుకున్నాం.

అహల్య కుంటిదన్న మాట ఊరంతా పాకింది. అహల్య నాయన శేషయ్య, బట్టల వ్యాపారి, కాలేజీకే వచ్చాడు. "నా బిడ్డ కాలు బాగుందని ఇంటింటికీ పోయి చెప్పుకోవాల్నా?" అని టీచరు మీద అరిచాడు. ఇంకెవరూ అడగరన్న భయంతో ఆళ్లగడ్డలో పెళ్లాం పోయిన ఇద్దరు పిల్లల తండ్రికి ఆమెను కట్టబెట్టేశాడు. నలుగురం మిగిలాం. కర్నూలు పోలేదు.

1960లో టీచరూ నేనూ బస్సెక్కి ఆళ్లగడ్డ వెళ్లాం. అప్పటికి కాలేజీవాళ్లు గుంజలు పీకించి, ఆమెను కుట్టుపని నేర్పుకోమన్నారు.

అహల్య రెండు బిందెలతో విసవిసా వస్తోంది. అత్త నరసమ్మ మురిసిపోయింది. "కుంటిదైనా సరేలే అని రెండో పెండ్లికి తెచ్చుకున్యాం టీచరమ్మా. చూస్తే ఇద్దరి పని చేస్తాది!"

టీచరు ముఖం చూడలేకపోయాను.

అత్త లోపలికి పోయాక అహల్య అడిగింది. "ఇప్పుడు జట్టు ఉందా టీచరమ్మా?"

"ఉంది," అని అబద్ధమాడింది టీచరు.

"ఆ పిల్లోళ్లకు కుంటమని చెప్పొద్దండి. బాగా ఆడమనండి. మంచి సంబంధమన్నా వస్తాది."

"అట్లే చెప్తాలేమ్మా," అంది టీచరు.