తాడు కట్టిన వంటిల్లు

"కాస్త గట్టిగా ఊదవే, పొగ బాగా కనపడాలి!" అన్నారు మా ఆయన, వంటింటి గుమ్మానికి అడ్డంగా తాడు కడుతూ. తాడుకు అవతల చూడ్డానికి వచ్చే జనం. ఇవతల పొయ్యి, పొయ్యి ముందు నేను, మూల మంచం మీద అత్తయ్య. ప్రతి ఆదివారం ఇదే వరస.

విత్తనాల కొట్టు మూసేశాక మా ఆయనకు ఊరి చరిత్ర పట్టుకుంది. దయ్యం పడితే మంత్రానికైనా వదులుతుంది, దీనికి ఆ సౌకర్యం కూడా లేదు. చుట్టుపక్కల పొలాల మధ్య ఉన్న చిన్న ఊళ్ళలో ఏది రైలు ఆగి బాగుపడిందో, ఏది ధాన్యం మిల్లు మూతపడి చితికిపోయిందో ఆయనకు నోటికి వచ్చు. ఇంటినే ప్రదర్శనశాల చేసేశారు. ముందుగది నిండా పాత నాగళ్ళు, కొడవళ్ళు, గునపాలు, ఒక్కోదానికీ ఒక చీటీ. వెనక 'పాతకాలపు రైతు వంటిల్లు'. గ్యాసు పొయ్యి అటకెక్కింది. ఆయన దీన్ని వారసత్వం అంటారు, నాకు దక్కింది నీరసత్వం. పొగడ్తలు ఆయనకి, పొగ నాకు. కిటికీ లేని గదిలో ఊపిరి తీసుకునే కిటుకు మాత్రం ఆయన చరిత్రలో ఎక్కడా లేదు.

డాక్టరమ్మ నా వీపు మీద గొట్టం పెట్టి చాలాసేపు విని, "ఇంకో చలికాలం ఆ పొగలో కూర్చుంటే నేనేం చెయ్యలేనమ్మా. గోడకి కిటికీ అన్నా పెట్టించుకోండి" అంది. ఆయనతో చెప్పాను.

"కిటికీయా? ఆ గోడ మా ముత్తాత కట్టింది! మా అమ్మ జన్మంతా ఈ పొగలోనే వండింది. ఏం, దగ్గిందా?"

మూల మంచం మీద అత్తయ్య దగ్గింది.

ఈమధ్య నవ్వినా ఊపిరి అందడం లేదు, అందుకే నా జోకులకి నేను నవ్వడం మానేశాను. నేను పోయాక ఏం జరుగుతుందో కూడా తెలుసు. ఓ బొమ్మకు నా పాత బట్టలు తొడిగి ఈ పీట మీదే కూర్చోబెడతారు. బొమ్మ దగ్గదు, అలగదు, జీతం అడగదు. నేను మాత్రం ఏనాడు అడిగాను? తేడా ఎవరూ పోల్చుకోలేరు. దానికి తిండి ఖర్చు కూడా ఉండదు.

ఇవాళ వచ్చినవాళ్ళలో ఒకావిడ ముక్కుకి గుడ్డ అడ్డం పెట్టుకుని, "ఇందులో గాలెలాగండీ?" అంది.

"అదేనమ్మా గొప్పతనం! తరతరాలుగా మా ఇంటి ఆడవాళ్ళు ఒక్క కిటికీ కూడా అడగలేదు" అన్నారు మా ఆయన, రొమ్ము విరుచుకుని.

అత్తయ్య వైపు చూశాను. ఆవిడ ఆ మాట అన్న కొడుకుని చూడలేదు. మసిపట్టిన గోడనే చూస్తోంది.

లేచాను. తాడు దాటి ముందుగదిలోకి వెళ్ళి, చీటీ జాగ్రత్తగా ఊడదీసి పక్కన పెట్టి, గునపం తెచ్చాను.

"ఏయ్, అది ప్రదర్శన వస్తువే!"

"నేను మాత్రం కాదా ఏంటండీ?"

మొదటి దెబ్బకి మసిపెచ్చు రాలింది. రెండోదానికి నా ఊపిరే రాలిపోతుందేమో అనిపించింది. గోడకు ఆనుకుని దగ్గాను. ఆయన అరుస్తున్నారు. గునపం మళ్ళీ ఎత్తాను.

"అంత ఎత్తున కాదమ్మాయ్, కిందికి కొట్టు," అంది అత్తయ్య మంచం మీంచి. "పడుకున్నా నాకు బయట కనపడాలి."