బారు వెనక బరి

ఆ సోమవారం పొద్దున ఆకాశం రెండు ముక్కలుగా ఉంది. కొల్లేటి వైపు నల్లగా కిందికి దిగి ఉంది. గూడెం వైపు ఉతికి ఆరేసిన పంచెలా తెల్లగా ఉంది. వాన వచ్చేదీ రానిదీ తేలలేదు. నాట్లు అయిపోయి వారం కాలేదు. చేలో నీరు ఎంతుందో చూసుకుని, గట్టు జారిన చోట నాలుగు పారల మట్టి వేసి, కాళ్లు కడుక్కుని, పెంటపాడు మీదుగా తాడేపల్లిగూడెం బయలుదేరాను. ఎడ్విన్ మాస్టారు పోయారు. ఆ రోజు వాళ్ల ఇంట్లో ఆదరణ కూడిక, ఇంటివాళ్లని ఓదార్చే ప్రార్థన.

మాస్టారంటే బడి మాస్టారు కాదు. ఆయనకి గూడెంలో బారు ఉండేది. బారు వెనక పెరట్లో కబడ్డీ బరి ఉండేది. ముందు పక్క రాబడి, వెనక పక్క ఖర్చు అని ఆయన భార్య విక్టోరియమ్మగారు అంటుండేవారు. కొత్తలో బోర్డు మీద ఆవిడ పేరే రాయించారట. "ఎక్కడికిరా?" అని ఒకడడిగితే "విక్టోరియాకి" అని ఇంకొకడు చెప్పడం ఆవిడ చెవిన పడింది. ఆ సాయంత్రమే నిచ్చెన వేయించి పేరు మీద రంగు పూయించారు. అప్పట్నించీ 'బార్ అండ్ రెస్టారెంట్' అన్న మాటలే మిగిలాయి. ఎవరి బారో రాసి ఉండదు. గూడెంలో ఆ అవసరమూ లేదు.

బరి మట్టి ఆయన స్వయంగా కలిపేవారు. చెరువు మట్టి, ఇసుక, మిల్లు నుంచి తెచ్చిన ఊక. ఎవరి కాలికైనా ఒక్క రాయి తగిలిందంటే ఆ రోజు ఆట లేదు, అందరూ వంగి ఏరుకోవడమే. రైతుల పిల్లలు, మిషను కాంపౌండు పిల్లలు, కొల్లేటి పల్లెల నుంచి వచ్చి చదువుకునేవాళ్లు, అందరూ అక్కడే పడి లేచేవారు. ఆడపిల్లలకి కూడా నేర్పుతానన్నప్పుడు తండ్రులు బారు వెనక్కి మా పిల్లల్ని పంపం అన్నారు. మాస్టారు వాదించలేదు. బారుకీ పెరటికీ మధ్యనున్న తలుపు ఇటుకలతో పూడ్పించి, వెనక సందులోకి వేరే గేటు పెట్టించారు. ఆ తరవాత పిల్లలు వచ్చారు. ఆడేవాళ్లెవరూ ముందు పక్కకి రాకూడదు, తాగేవాళ్లెవరూ వెనక పక్కకి రాకూడదు. అదీ కట్టుబాటు.

నేను పెళ్లయ్యేదాకా ఆడాను. కుడి మూల నాది. మూల కాసేవాడికి మాటలతో పని లేదు, కూతకి వచ్చేవాడి మోకాళ్లు చూస్తే చాలు. ఆ పని నాకు సరిపోయింది.

నేను వెళ్లేసరికి వెనక సందులో, బరిని ఆనుకునే ఉన్న వాళ్ల ఇంటి ముందు షామియానా వేసి ఉంది. బల్ల మీద మాస్టారి ఫొటో పెట్టారు. పాస్టరుగారు ఇంకా రాలేదు. మా పాత కెప్టెన్ నరసరాజుగారు ఉండి ఊరి నుంచి కారులో వచ్చారు. ఆయనకి చేపల చెరువులు. మనిషి లావయ్యారు గానీ నడక అదే. చేతిలో గుడ్డ సంచీ ఉంది.

"చలపతీ, ఇలా రావయ్యా. ఓ ఆకు పట్రా," అన్నారు.

అరిటాకు ముక్క తెచ్చాను. ఆయన సంచీలోంచి డబ్బా తీసి కొరమీను వేపుడు ఆకులో పెట్టారు. తరవాత బ్రాందీ సీసా తీసి మూత విప్పి, గాజు గ్లాసులో పోసి ఫొటో ముందుంచారు.

"మా వైపు పోయినాయనకి ఇష్టమైంది పెట్టకపోతే మనసొప్పదండీ. మంచి సరుకే తెచ్చాను. మాస్టారి దగ్గర నాసిరకం పెడితే బాగోదు కదా!"

చుట్టూ ఉన్న ఆటగాళ్లు తలలూపారు. నేనూ ఊపాను. బారు నడిపిన మనిషి, ఎంతోకొంత పుచ్చుకునే ఉంటారు. మేం ఎప్పుడూ చూడలేదు, నిజమే. ముందు పక్కకి వెళ్లినవాళ్లం కాదు, ఎలా చూస్తాం?

విక్టోరియమ్మగారు లోపల్నించి వచ్చారు. తెల్ల చీర, చేతిలో బైబిలు. బల్ల దగ్గర ఆగారు. గ్లాసు చూశారు. సీసా చూశారు. తరవాత మా ముఖాలు చూశారు.

"ఇది ఎవరికండీ?"

"మాస్టారికేనండమ్మా," అన్నారు రాజుగారు.

"ఆయన చుక్క ముట్టి ఎరగరండి."

ఆవిడ బైబిలు రెండో చేతిలోకి మార్చుకున్నారు.

"అమ్మేవాడికి తాగే తీరిక ఉండదనేవారు. పండక్కి మా వాళ్లు బలవంతం చేసినా గ్లాసు బోర్లించేసేవారు. ఇన్నేళ్లు ఆయన చేతి కింద పెరిగారు, ఆ మాత్రం మీకెవరికీ తెలీదా?"

రాజుగారు గ్లాసు తీయబోయి ఆగారు, సీసా తీయబోయి ఆగారు. ఏది ముందు తీయాలో ఆయనకి పాలుపోలేదు. అప్పుడు వెనక నుంచి నాగదుర్గ వచ్చింది. మండవల్లి దగ్గర కొల్లేటి పల్లె పిల్ల. మేనత్త ఇంట్లో ఉండి గూడెంలో చదువుకుంది. మాస్టారి దగ్గర ఆడింది. ఇప్పుడిక్కడే ఒక ప్రైవేటు బళ్లో డ్రిల్లు టీచరు. గ్లాసూ సీసా రెండూ చేతిలోకి తీసుకుని పంపు దగ్గర వంచేసింది. గ్లాసు తోమింది. వంటింట్లోకి వెళ్లి అప్పుడే వార్చిన గంజి పోయించుకుని, ఉప్పేసి, నిమ్మకాయ పిండి తెచ్చి ఫొటో ముందు పెట్టింది.

"మాకిచ్చే బకెట్లోదే ఆయనా తాగేవారండి, అమ్మగారూ. అందరూ తాగాక అడుగున మిగిలింది."

విక్టోరియమ్మగారు ఆ గ్లాసు ఉండనిచ్చారు.

పాస్టరుగారు వచ్చారు. పాట పాడారు, వాక్యం చదివారు, ప్రార్థన చేశారు. రాజుగారు లేచి మాస్టారి గురించి బాగా మాట్లాడారు. ఆయన మాట్లాడితే ఎవరైనా వింటారు. బరి గుడి లాంటిదన్నారు, మా ప్రాణం అక్కడే ఉందన్నారు. ఆడవాళ్లు కళ్లు ఒత్తుకున్నారు.

భోజనాలు ఇంకా దిగలేదు. వెనక గేటులోంచి పెరట్లోకి వెళ్లాం. ఇప్పటి జట్టు పిల్లలు అప్పటికే అక్కడున్నారు, గోడ పక్కన వరసగా చెప్పులు విడిచి. విక్టోరియమ్మగారి తమ్ముడు ఏసుకుమార్‌గారు చేతిలో టేపు పట్టుకుని నిలబడి ఉన్నారు. ఏలూరులో ఉద్యోగం మానుకుని, ఇక బారు ఆయనే చూసుకుంటారట. చెడ్డవాడు కాదు, అక్క కోసం వచ్చిన మనిషి.

"ఏవండీ, అందరూ ఉన్నారు కాబట్టి చెబుతున్నాను. ఏలూరులో ఇప్పుడన్నీ గార్డెన్ బార్లేనండి. తాటాకు పాకలు, లోపల లైట్లు, కుటుంబంతో వచ్చి భోంచేస్తున్నారు. ఈ స్థలం ఖాళీగా ఉంచుకుంటే అక్క ఎలా బతుకుతుందండీ? వచ్చేవారం పాకలు మొదలెడదామనుకుంటున్నాను."

"ఖాళీగానా?" అన్నారు రాజుగారు. "ఇది బరండీ!"

"బరే. బావగారు లేరు కదండీ మరి."

విక్టోరియమ్మగారు వంటింటి మెట్టు మీద కూర్చున్నారు. "నాకూ పీకేయాలని లేదండీ. కానీ రోజూ సాయంత్రం ఐదింటికి గేటు తీసి, ఏడింటిదాకా పిల్లల్ని చూసే మనిషి ఉండాలి. ఆయన జ్వరమొచ్చినా వచ్చేవారు. మీలో ఒకరు వస్తానంటే స్థలం మీదే. లేదంటే తమ్ముడి మాటే కానివ్వండి. పొద్దున ఆ సీసా చూశాక నాకూ అనిపించింది. ఆయన్ని ఎరిగినవాళ్లే లేనప్పుడు ఎవరి కోసం ఉంచుకోవాలి?"

మగాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"ఆదివారాలైతే నేను రాగలనండి," అన్నాడొకడు.

"నాకు షిఫ్టులండి. నెలలో సగం రాత్రులే."

"ఉండి నుంచి రోజూ అంటే, చెరువులు ఎవరి మీద వదిలేది చెప్పండమ్మా? మేత వేళ తప్పితే చేప నిలవదు," అన్నారు రాజుగారు. అబద్ధం కాదది.

నేను నేల చూశాను. సాయంత్రం ఐదింటికి చేలో నీరు కట్టేవాణ్ణి, గేటు తీస్తానని ఎలా చెప్పను?

"నేను తీస్తానండి గేటు," అంది నాగదుర్గ.

రాజుగారు ఆమె వైపు తిరిగారు. "అమ్మాయ్, నీ మనసు మంచిదే. కానీ మాస్టారంటే మగమనిషి. బారు వెనక, చీకటి పడే వేళ, ఓ ఆడపిల్ల..."

"బారు వెనకేనండి నేను నేర్చుకుందీ."

"నేర్చుకోవడం వేరమ్మా. ఎదిగిన కుర్రాళ్లు నీ మాట వింటారా? తాగినోడొకడు వచ్చి లోపల నిలబడితే ఏం చేస్తావు?"

"మాస్టారు చేసిందే చేస్తానండి."

ఈ మాటలు తనకి సంబంధం లేనట్టు ఏసుకుమార్‌గారు టేపు లాక్కుంటూ గోడ దగ్గర్నించి కొలుస్తున్నారు. కొలుస్తూ కొలుస్తూ చెప్పులతోనే గీత దాటి బరి మధ్యకి వచ్చేశారు.

జట్టు పిల్లలంతా ఒక్కసారి 'హ్హ' అన్నారు.

"బాబాయిగారూ, ఆగండి," అంది నాగదుర్గ. గట్టిగా అనలేదు. కానీ ఆయన ఆగారు. "చెప్పులతో గీత దాటారండి."

"అయితే?"

"కూత పట్టాలండి."

మాస్టారి రూలు అది. ఆడనివాడెవడైనా బరిలో కాలు పెడితే, తాగి వచ్చినా, పెద్దమనిషైనా, కూతకి వెళ్లి ఏడుగురి మధ్య నుంచి గీత చేరాలి. చేరితే దర్జాగా వెళ్లొచ్చు. చేరినవాణ్ణి నేను చూడలేదు. ఎస్సైగారి బావమరిది ఒకాయన మడత నలగని ప్యాంటుతో ఒకసారి పడ్డాడు. ఆ తరవాత ఎవరూ తెలిసి గీత దాటలేదు.

ఏసుకుమార్‌గారి ముఖం ఎర్రబడింది. "ఇవాళా? బావగారి కూడిక రోజునా? ఏం ఆటలమ్మా ఇవి?"

"ఇవాళేనండి. ఆయనుంటే వదిలేవారేంటండీ?"

ఆయన అక్క వైపు చూశారు. విక్టోరియమ్మగారు మెట్టు మీద నుంచి కదల్లేదు. "రూలేగా తమ్ముడూ," అన్నారు.

ఏసుకుమార్‌గారు టేపు కింద పెట్టారు. చెప్పులు బయటికి విసిరారు. ప్యాంటు మడిచారు. నవ్వుకుందామనుకున్న వాళ్లు కూడా అప్పుడు నవ్వలేదు. నాగదుర్గ చున్నీ నడుముకి బిగించి ఎడమ మూలకి వెళ్లింది. జట్టు పిల్లలు ఐదుగురు మధ్యలో సర్దుకున్నారు.

"చలపతిగారూ, మీ మూల ఖాళీగా ఉందండి," అంది.

పంచె ఎగ్గట్టి వెళ్లాను. మట్టి మెత్తగా, గట్టిగా, ఎలా ఉండాలో అలాగే ఉంది.

ఆయన గీత దగ్గర గాలి పీల్చుకుని కూత మొదలుపెట్టారు. ముందు నసిగినట్టు ఉంది. రెండడుగులు వేశాక గొంతు తెరుచుకుంది. మనిషికి ఆట తెలుసని అప్పుడు అర్థమైంది. పొట్ట ఉంది గానీ పాదం తేలిక. నా వైపు చెయ్యి విసిరారు, నేను వెనక్కి తగ్గాను. మధ్య పిల్లలు ఉరకబోతే నాగదుర్గ కళ్లతోనే ఆపింది. తొందరపడొద్దని, రానివ్వమని. ఆయన ఎడమ మూలకి కాలు చాచారు. ఆ కాలు వెనక్కి తీసే లోపల ఆమె వంగి చీలమండ పట్టేసింది. నేను వెళ్లి నడుం అందుకున్నాను. పిల్లలు గొలుసు కట్టి మీద పడ్డారు. ఆయన అందరినీ ఈడ్చుకుంటూ గీతకేసి పాకారు. కూత ఆపలేదు. చెయ్యి గీతకి జానెడు దూరంలో ఉండగా దమ్ము అయిపోయింది.

లేచాం. ఆయన వెల్లకిలా అలాగే పడి ఉన్నారు. కళ్ల నుంచి నీళ్లు చెంపల మీది మట్టిలోకి కారుతున్నాయి, నోరేమో నవ్వుతోంది.

"మా అక్క పెళ్లయిన మర్నాడు," అన్నారు రొప్పుతూ, "బావగారు నన్ను ఇలాగే పట్టారండీ. ఆ కాలే. ఆ మూలే. కొత్త బట్టలు! మా అమ్మ ఎన్ని తిట్లు తిట్టిందో!"

"నీ బట్టలు ఇప్పుడూ కొత్తవేరా," అన్నారు విక్టోరియమ్మగారు.

నాగదుర్గ చెయ్యిచ్చి లేపింది. ఆయన వీపు దులుపుకుని, టేపు చుట్టి జేబులో పెట్టుకున్నారు. "అక్కా, పాకలు ముందు పక్క వేద్దాంలే. రోడ్డు వైపు. లారీలు ఆగడానికి కూడా వీలు."

విక్టోరియమ్మగారు లేచి వచ్చారు. నాగదుర్గ ముందు నిలబడి, ఆమె మోచేతికి అంటిన మట్టి తన చీర చెంగుతో తుడిచారు.

"ఐదింటికి అంటే ఐదింటికేనమ్మా. నీకు బడి ఉంది, ఇల్లుంది, మీ ఆయనున్నాడు."

"ఆయనకి చెప్పే వచ్చానండి. మీరు అడగకపోయినా అడుగుదామనుకున్నాను."

"మగపిల్లల్ని కూడా చూడాలి."

"వాళ్లని ముందు చూస్తానండి. పట్టు తెలీకుండా ఎగబడుతున్నారు. ఇందాక ఆపకపోతే బాబాయిగారు దాటేసేవారే."

కుర్రాళ్లు తల దించుకున్నారు. ఒకడు "రేపు రమ్మంటారా మేడమ్?" అన్నాడు.

"రేపేంటి? ఇవాళ సాయంత్రం. తిని పడుకోకండి."

రాజుగారు గొంతు సవరించుకున్నారు. "అమ్మాయ్, ఇందాక నేనన్నది..."

"మీరు ఆదివారం రండి రాజుగారూ. గీత దాటకుండా చూసుకోండి."

అందరికంటే ముందు ఆయనే నవ్వారు.

విక్టోరియమ్మగారు బొడ్లోంచి గేటు తాళంచెవి తీసి నాగదుర్గ చేతిలో పెట్టి, వేళ్లు మూశారు. వంటవాళ్లు భోజనాలకి పిలిచారు.

షామియానా కింద పాస్టరుగారి వాళ్లు, చుట్టాలు కూర్చున్నారు. మాకు చోటు లేకపోతే బారు హాలు తెరిపించారు. సందు చుట్టి ముందు పక్కకి వెళ్లాం. మాలో చాలామంది ఆ గడప తొక్కడం అదే మొదలు. సీసాల అలమరకి దుప్పటి కప్పి ఉంది. బల్లలు తుడిచి విస్తళ్లు వేశారు. అన్నం, పప్పు, కోడి కూర, వంకాయ వేపుడు, పెరుగు. విక్టోరియమ్మగారు మా అందరికీ ఒక విడత వడ్డించి, తను కూడా ఆకు తెచ్చుకుని నాగదుర్గ పక్కన కూర్చున్నారు. ఎదురుగా ఏసుకుమార్‌గారు. జుట్టులో ఇంకా ఊక ఉంది. కూర గిన్నె ఒకరి చేతి నుంచి ఒకరి చేతికి వెళ్లింది. అడగకుండానే అందరికీ అందింది. కడుపు నిండా తిన్నాం.