గెలిచిన మేకపోతు

మూడో ఫుట్‌బాల్ ఆట ముగిసేసరికి ఎండ నెత్తి మాడుస్తోంది. పొద్దున తొమ్మిదికి ఒకటి, పదిన్నరకి ఒకటి, పన్నెండుకి ఫైనల్. ఆడపిల్లల ఆటలన్నీ ఎండలోనే కానిచ్చేస్తారు. చల్లబడ్డ సాయంత్రం మగవాళ్లది. ఎత్వారి కెప్టెన్‌గా ఉన్న జట్టు ఒక్క గోలుతో గెలిచింది. ఆ గోలు కొట్టిన సుశాంతి మాత్రం మైదానం అంచున మోకాలు పట్టుకుని పడి ఉంది. బంతిని తన్నేటప్పుడు ఎవరి కాలో అడ్డం పడి మోకాలు పక్కకి తిరిగింది. పద్దెనిమిదేళ్ల పిల్ల, నొప్పి ఓర్చుకోలేక పెదవి కొరుక్కుని రక్తం తెచ్చుకుంది.

పోటీలో చేరాలంటే ఏ జట్టైనా వెయ్యి కట్టాల్సిందే. టికెట్టూ ఒకటే, ఇరవై. బహుమతి దగ్గరికొచ్చేసరికే లెక్క మారుతుంది. మగ జట్టుకి విత్తులు కొట్టించి బలిపించిన ముప్పై కిలోల ఖస్సీ పోతు, పైన పాతిక వేలు. ఆడ జట్టుకి తొమ్మిది కిలోల పోతుపిల్ల, పైన చప్పట్లు. పొలంలోనూ అంతేగా! మగవాడి కూలి నాలుగొందలు, నడుం విరిగేలా వంగి నాట్లేసే ఆడదానికి రెండొందల యాభై. ఇరవై ఆరేళ్ల ఎత్వారి గోలు ముందర నిలబడ్డా, బురదలో నిలబడ్డా తన ధర ఒకేలా ఉండటం చూస్తూనే వచ్చింది.

ఈసారి ఆమె చప్పట్ల కోసం ఆగలేదు. జట్టు తరఫున వెయ్యి కట్టాక పిల్లలెవరి దగ్గరా పైసా మిగల్లేదు. సంతలో బతికున్న పోతు కిలో ఐదొందలు. తొమ్మిది కిలోలంటే నాలుగున్నర వేలు. సుశాంతి ఆటోకి, ఎక్స్‌రేకి, కట్టుకి సరిపోతుంది. వెళ్లి పోతు తాడు విప్పింది.

"ఆగవే పిల్లా, ఎక్కడికి తోలుకెళ్తున్నావ్?" అన్నాడు పోటీల కమిటీ సెక్రటరీ బంధన్.

"సంతకి, కాకా. అమ్ముకుంటాం. సుశాంతి కాలు చూశావుగా."

"ఆడోళ్లు గెలిచిన పోతు ఇక్కడే తెగాలి. ఎప్పుడన్నా ప్రాణంతో ఊరు దాటిందా?"

"పోయినేడు మగోళ్ల పోతుని ఇక్కడే కసాయికి అమ్మారు. బేరం చేసింది నువ్వే."

"వాళ్లంటే మగాళ్లు! మీరు కత్తి పట్టకూడదు, తల తినకూడదు. మేం కోసి వండిపెడితే తిని చల్లగా పోక, ఏంటీ యాగీ?" బంధన్ చుట్టూ ఉన్నవాళ్ల వంక చూసి నవ్వాడు. "రేపు నాగలి కూడా నువ్వే పట్టి, ఊరికి వానల్లేకుండా చేస్తావా ఏంటి?"

అందరూ విరగబడి నవ్వారు. ఆ నవ్వుల్లోనే ఎవరో వెళ్లి ఎత్వారి తండ్రి జత్రుని వెంటబెట్టుకొచ్చారు. చేతిలో గొడ్డలి. కూతురు గెలిచిన పోతుని నరికే గౌరవం తండ్రిది. ఆ తల కూడా తండ్రిదే. అప్పటికే అతని చేత రెండు దొప్పల బియ్యం కల్లు తాగించారు.

"బాబా, వద్దు. ఆ పిల్ల కాలు పోతుంది."

"తాడు వదులమ్మా. పదిమందిలో నా పరువు తీయకు."

"పరువుకి సంతలో ఎంతిస్తారు బాబా?"

తప్పని జత్రుకీ తెలుసు. కానీ కూతురి మాట విన్నవాణ్ణి ఆ ఊరు బతకనివ్వదు. ఇద్దరు మగవాళ్లు తాడు లాక్కుని బిగించి పట్టారు. ఒక్క వేటు. ఎత్వారి జెర్సీ మీద రక్తం చిందింది. నాలుగున్నర వేలు నేల మీద నాలుగు కాళ్లూ కొట్టుకుని ఆగిపోయాయి.

"కూర్చోండమ్మా, కూర ఉడికాక తలా రెండు ముక్కలొస్తాయి," అన్నాడు బంధన్.

ఎత్వారి వంగింది. దుమ్ములో పడి ఉన్న పోతు తలని చెవులు పట్టుకుని ఎత్తింది.

నవ్వులు ఠక్కున ఆగిపోయాయి. ఆడదాని చెయ్యి తగిలిన తల ఇక ఏ మగవాడి నోటికీ పనికిరాదు.

"కింద పెట్టవే! వానలు పోతాయి!" బంధన్ అరుస్తూనే నాలుగడుగులు వెనక్కి జరిగాడు. "జత్రూ, ఐదు వేలు దండుగ నీకు, చెబుతున్నా!"

లాక్కోడానికి ఎవరూ ముందుకు రాలేదు. తాకితే మైల. ఎత్వారి నడుస్తుంటే గుంపు తనంతట తానే దారి ఇచ్చింది. జత్రు గొడ్డలి పట్టుకుని అలాగే నిలబడ్డాడు. కూతురి వంకా చూడలేదు, బంధన్ వంకా చూడలేదు.

రోడ్డు మీద టౌను ఆటో ఒకటి ఆగి ఉంది. ఈ ఊరి కట్టుబాట్లతో ఆ డ్రైవరుకి పనిలేదు. జట్టులోని ఇద్దరు పిల్లలు సుశాంతిని భుజాల మీద మోసుకొచ్చారు.

"గుమ్లా ఆస్పత్రికి ఎంత?"

"ఐదొందలు."

"డబ్బు లేదు. ఇది తీసుకో. ఇప్పుడే తెగింది."

డ్రైవరు తలని అటూ ఇటూ తిప్పి చూశాడు. "చిన్న పోతు దీదీ. రెండొందలకి మించి రాదు."

"రెండొందలకి ఎంత దూరం?"

"ఇటుక బట్టీ మలుపు దాకా. అక్కణ్ణుంచి ఆస్పత్రి ఇంకా పదకొండు కిలోమీటర్లు."

"ఇంటికి పోదాం దీదీ," అని సుశాంతి ఏడ్చింది.

"ఎక్కు," అంది ఎత్వారి.