రాజుగారి వ్యాయామ చక్రం

నేను ఒక గానుగ రాయిని. ఈ ముక్క ముందే చెప్పి పెట్టుకోవాలి, ఎందుకంటే నా పక్కన పాతిన నీలం బోర్డు ఇంకోలా చెబుతుంది. "రాజుగారి వ్యాయామ చక్రం. ప్రభువులు ప్రతి ఉదయం దీనిని నూట ఎనిమిది చుట్లు తిప్పి దేహదారుఢ్యం పొందేవారు" అని దాని మీద పసుపు అక్షరాలతో రాశారు. ఏ రాజు? ఎప్పుడు తిప్పాడు? నేను పుట్టిన ఇన్నేళ్లలో ఒక్క రాజూ నన్ను ముట్టుకోలేదు. నా దగ్గరికొస్తే పట్టుబట్టలకు సున్నం అంటుకుంటుందని వాళ్లకు బెంగ. నన్ను లాగినవి దున్నపోతులు. ఆ మాట బోర్డు మీద రాస్తే నా పక్కన నిలబడి ఫొటోలు ఎవరు దిగుతారు చెప్పండి!

మాది నల్లగుండ్లకోట. గుట్ట మీద కోట, గుట్ట కింద నాలుగు వీధులు, అంతే ఊరు. ఆ గుట్ట రాతిలోంచే నన్ను గుండ్రంగా చెక్కి, నట్టనడుమ బెజ్జం తొలిచారు. ఆ బెజ్జంలోంచి దూలం దూర్చి, ఒక కొనను మధ్యలో పాతిన గుంజకు తగిలించి, రెండో కొనకు దున్నపోతుల్ని కట్టేవాళ్లు. గుంజ చుట్టూ రాతి గాడి. ఆ గాడిలో సున్నం, ఇసుక, ఇటుక పొడి వేసి, బెల్లం నీళ్లూ కరక్కాయలు నానబెట్టిన నీళ్లూ పోసేవాళ్లు. పొద్దున్నుంచి నేను దాని మీద దొర్లుతూ ఉంటే సాయంత్రానికి ఆ ముద్ద వెన్నలా నలిగేది. డంగు సున్నం అంటే అదే. ఈ కోటలో మీరు నోరు తెరుచుకుని చూసే గోడలన్నీ దానితో కట్టినవే. ఎవరూ చెప్పరు కాబట్టి నేనే చెప్పుకోవాల్సి వస్తోంది.

రాజులు పోయాక తాలూకా కచేరీ కట్టిన కంట్రాక్టరొకడు నన్ను వాడుకున్నాడు. వాడు బెల్లాన్ని ఇంటికి పంపి, గాడిలో ఒట్టి నీళ్లు పోయించేవాడు. ఆ కచేరీ ఎన్నాళ్లు నిలిచిందో అడక్కండి. తర్వాత మేస్త్రీ పుల్లన్న చేతికొచ్చాను. అతను మనిషి. సున్నం తక్కువ నలిగిందని తోస్తే కూలీల్ని ఇళ్లకు పంపేసి, తనే దున్నపోతుల వెంట నడిచేవాడు. ఆరిన గోడ మీద గోటితో గీకి చూసేవాడు. గీత పడిందా, ఆ ముక్క ఊడగొట్టి మళ్లీ పెట్టేవాడు. అతని కూతురు ఓబుళమ్మకు అప్పుడు పన్నెండేళ్లు. చెక్క తెడ్డు పట్టుకుని నా వెనకాలే తిరుగుతూ, గాడి అంచులకు ఎక్కిన సున్నాన్ని మళ్లీ నా కిందికి తోసేది. వాళ్లిద్దరూ చేసిన ఆఖరి పని కోటలో ధాన్యపు కొట్టు పడమటి గోడ మరమ్మతు.

ఆ తర్వాత ఊళ్లోకి సిమెంటు బస్తాలు దిగాయి. నీళ్లు కలిపితే చాలు, గానుగెందుకు, దున్నలెందుకు అన్నారు. నా గాడి మట్టితో పూడిపోయింది. నలభై ఏళ్లకు పైగా నా నీడన కుక్కలు పడుకున్నాయి. కుక్కలతో నాకెప్పుడూ పేచీ లేదు. నిజం చెప్పొద్దూ, వాటి తర్వాత వచ్చినవాళ్లతోనే నా ఖర్మ మొదలైంది.

మూడేళ్ల కిందట మా ఊరు ఉన్నట్టుండి చూడదగ్గ ఊరైపోయింది. కోట ముందు ఊరి పేరును మనిషెత్తు అక్షరాలతో నిలబెట్టి, పక్కన ఎర్రటి గుండె బొమ్మ పెట్టారు. బురుజు నుంచి బురుజుకు ఇనుప తీగ కట్టి జనాన్ని గబ్బిలాల్లా వేలాడదీశారు. అగడ్తలో బాతు మొహాల పడవలు వదిలారు. ఫిరంగి పెట్టే చోట కాఫీ అంగడి పెట్టారు. ఎక్కడి నుంచో ఒంటెను కూడా తెచ్చారు. రాయలసీమ ఎండలో ఆ ఒంటె నా వైపు చూసిన చూపు నేను మరచిపోలేను. ఇద్దరం ఒకటే అనుకున్నాను.

ఆ బోర్డు సంగతి చెప్పాలి. కోట చూపించడానికి దస్తగిరిని గైడుగా పెట్టారు. అంతకుముందు ఆటో నడిపేవాడు. మంచివాడే కాని తెలీదు అనే మాట ఆ నోట రాదు. ఒకరోజు పట్నం ఆవిడెవరో నన్ను చూపించి ఇదేమిటని అడిగింది. దస్తగిరి రెండు క్షణాలు ఆలోచించి, రాజుగారు కసరత్తు చేసే చక్రం మేడమ్ అన్నాడు. ఎన్నిసార్లు తిప్పేవాడని ఆవిడ అడిగితే నూట ఎనిమిది అన్నాడు. ఆవిడ అది రాసుకుంది. నెల తిరక్కుండా బోర్డు వచ్చేసింది. దానితో పాటు నా చుట్టూ గొలుసు, పూడిన గాడిలో క్రోటన్ మొక్కలు. తాకరాదు అని ఇంకో చిన్న బోర్డు. తాకని మనిషి లేడనుకోండి. కొత్త జంటలు చెరోవైపు నిలబడి, నా బెజ్జంలోంచి చేతులు పట్టుకుని ఫొటోలు దిగడం మొదలుపెట్టారు. ఒక పెళ్లికొడుకు కడియం లోపల ఇరుక్కుంటే కాఫీ అంగడి నుంచి మంచినూనె తెచ్చి పోశారు. వారం రోజులు నా ఒళ్లంతా ఈగలు.

అన్నిటికంటే పెద్ద ఆకర్షణ సాయంత్రం దీపాల ఆట. ధాన్యపు కొట్టు పడమటి గోడ మీద రంగుల బొమ్మలు వేసి, మైకులో గుర్రాల డెక్కల చప్పుడు వినిపిస్తారు. గోడ కింద మూడు వందల ప్లాస్టిక్ కుర్చీలు. గోడను ఆనుకునే దస్తగిరి మైకు పట్టుకుని ముందుమాట చెబుతాడు. బొమ్మలు నున్నగా పడాలని ఆ గోడకు సిమెంటు పూశారు. అది ఉబ్బితే మళ్లీ పూశారు.

ఓబుళమ్మ ఇప్పుడు నా పక్కనే గంప పెట్టుకుని ఉడకబెట్టిన శనక్కాయలు అమ్ముతుంది. మొగుడు పోయాడు, కాళ్లు వంకరపోయాయి, చేతులు మాత్రం పుల్లన్న చేతులే. శ్రావణంలో ఒకనాడు కుర్చీల మధ్య శనక్కాయలు అమ్ముతూ వెళ్లి గోడకు చెయ్యి ఆనించి, అలాగే నిలబడిపోయిందట. నెల రోజులుగా వాన లేదు. గోడ చల్లగా చెమ్మగా ఉందట. గంప అక్కడే వదిలేసి ఈ హంగులన్నీ చూసుకునే మేనేజరు సుధీంద్ర దగ్గరికి నడిచింది. ఆయన అప్పుడు నా పక్కనే నిలబడి ఒంటె గురించి ఎవరితోనో ఫోనులో మాట్లాడుతున్నాడు.

"సార్, గోడ కడుపులో తడి నిలబడుకోనుండాది. పైన మీరు సిమెంటు మూత ఏసినారు. అది బయటికి యాడ పోతాది? ముసురు పట్టినప్పుడు గోడ గోడంతా జారి కుర్చీల మింద పడతాది."

సుధీంద్ర చెడ్డవాడు కాడు, తీరిక లేనివాడు. ఇంజనీర్లు చూసి సరేనన్నారనీ, దసరా లోపల మూడో పూత వేయిస్తున్నామనీ చెప్పాడు. సిమెంటు వద్దు, ఈ గానుగ నాకిస్తే డంగు సున్నం నేను తీసిస్తాను, మీ మేస్త్రీయే పెడతాడు అని ఓబుళమ్మ బతిమాలింది. ఆయన నన్నొకసారి చూసి తల అడ్డంగా ఊపాడు.

"అమ్మా, అది వారసత్వ సంపద. దాన్ని పనికి వాడకూడదు."

విన్నారా? పని చేయడానికే పుట్టిన నన్ను పనికి వాడకూడదట! చేతులు దూర్చి ఫొటోలు దిగొచ్చు, నూనె పోయొచ్చు, మొక్కలు నాటొచ్చు. గోడ నిలబెట్టడానికి మాత్రం నేను పనికిరాను. నాకు నోరుంటే ఆ రోజు ఊరు దద్దరిల్లేది. ఓబుళమ్మ నాకు వీపు ఆనించి కూర్చుని కొంగుతో కళ్లొత్తుకుంది. మా నాయన గోడ మనుషుల్ని చంపితే నేనెట్ల బతికేది అని గొణుక్కుంది. నాకు ఏడుపొచ్చింది. రాయికి ఏడుపేమిటని మీరంటే అనండి.

దారి చూపించింది ఒంటె. అది ఒక పిల్లవాడి టోపీ నమిలి మింగి జబ్బు పడింది. యజమాని దాన్ని తోలుకుపోయాడు. దసరాకు కొత్త వినోదమేదో చూపించాలని సుధీంద్ర దస్తగిరి మెడ మీద కూర్చున్నాడు. పాపం, దస్తగిరి నా దగ్గరికొచ్చి తల పట్టుకున్నాడు. ఓబుళమ్మ శనక్కాయలు ఒలుస్తూ చాలాసేపు అతన్నే చూసింది. తర్వాత గోడ సంగతంతా చెప్పింది. రోజూ ఆ గోడకు అందరికంటే దగ్గరగా నిలబడేది నువ్వే కదా అంది. దస్తగిరి ఆమె పక్కన చతికిలబడ్డాడు. నేనేం చెయ్యాలత్తా అన్నాడు.

"రాజు దీన్ని నూటెనిమిది సుట్లు తిప్పినాడని చెప్పింది నువ్వే కదప్పా. జనాల్తో గూడా తిప్పిచ్చు. గాడిలో ఏమెయ్యాల్నో నేను చూసుకుంటా."

ఆ మర్నాడే దస్తగిరి ఈ ఆట సంగతి చెబితే సుధీంద్ర ఎగిరి గంతేశాడు. పనికి వాడకూడదు గాని ఆటకు వాడకూడదని ఏ కాగితంలోనూ లేదట. క్రోటన్లు పీకించాడు, గాడి కడిగించాడు, వేపదూలం బిగించాడు. "రాజుగారిలా తిప్పగలరా?" అని పెద్ద బ్యానరు కట్టాడు. గాడిలో సున్నమెందుకని మాత్రం అడిగాడు. పాతకాలం మాదిరి కనపడేకి సార్ అన్నాడు దస్తగిరి. ఆ నోటికి అబద్ధం అలవాటే కాబట్టి తడబడలేదు. అలంకరణ సామగ్రి అనే పద్దు కింద సున్నం, ఇసుక, ఇటుక పొడి, కరక్కాయలు, బెల్లం అన్నీ వచ్చాయి. ఓబుళమ్మ గుంత తవ్వించి సున్నాన్ని మగ్గబెట్టింది. దసరాకు మూడు వారాల ముందు, ఒక ఆదివారం పొద్దున, నలభై ఏళ్ల తర్వాత నేను కదిలాను.

ఆహా, ఆ మొదటి చుట్టు! కిర్రుమని నా ఒళ్లంతా మేలుకుంది. ఇక జనం చూడండి. ఇంట్లో మంచినీళ్ల బిందె ఎత్తనివాళ్లు నాకోసం వరస కట్టారు. కంప్యూటర్ల ముందు కూర్చునే కుర్రాళ్లు చొక్కాలు విప్పి తోశారు. ఒక పెళ్లివారి బస్సు మొత్తం దిగి, మగపెళ్లివారా ఆడపెళ్లివారా అని పందెం వేసుకుని తోసింది. రిటైరైన లెక్కల మాస్టారొకాయన ప్రతి చుట్టూ గట్టిగా లెక్కపెట్టి, దస్తగిరి రెండు చుట్లు ఎగ్గొట్టాడని పోట్లాడాడు. రాజులు ఏం తిండి తినేవారో అని అందరూ రొప్పుతూ మెచ్చుకునేవాళ్లు. నడుం మీద చెయ్యి వేసుకుని ఎవరైనా ఆగితే, రాజు ఆడ ఆపల్యా నాయనా అని ఓబుళమ్మ వాళ్లను ఉసిగొల్పేది. తెడ్డు పట్టుకుని, వంకర కాళ్లతో నా వెనకాలే తిరుగుతూ, అంచులకెక్కిన సున్నాన్ని నా కిందికి తోసేది. నా కింద ఏం నలుగుతోందో ఒక్కడూ అడగలేదు. ఇలాంటి మనుషుల్ని తిట్టాలో మొక్కాలో నాకు తెలీలేదు.

సాయంత్రం జనం పోగానే ఆ రోజు నలిగిన సున్నం తట్టల్లో గోడ దగ్గరికి వెళ్లేది. మూడో పూతకు వచ్చిన మేస్త్రీని ఓబుళమ్మ అప్పటికే తనవైపు తిప్పుకుంది. అతను సిమెంటు పెచ్చులు ఊడగొడితే లోపల్నుంచి నీళ్లు కారాయట. గోడ ఆరేదాకా ఓబుళమ్మ తాపీ పెట్టనివ్వలేదు. దీపాల ఆటకు అన్నాళ్లూ వేరేచోట గుడ్డ తెర కట్టుకోండని దస్తగిరి చేత చెప్పించింది. పండగ ముందు గొడవెందుకని సుధీంద్ర సరేనన్నాడు. తర్వాత వచ్చి చూసి, ఈసారి సిమెంటు రంగు బాగా కుదిరింది, ఏ కంపెనీది అని అడిగాడట. మేస్త్రీ తట్ట ఎత్తుకుని జారుకున్నాడట.

కార్తీకంలో తుఫాను పట్టింది. నాలుగు రోజులు ఎడతెరిపి లేదు. బాతు పడవలు రెండు మునిగాయి, ఎర్ర గుండె బొమ్మ వంగిపోయింది. కోట మూసేశారు. గోడ నాకు కనిపించదు. వానలో ఏ రాయి జారిన చప్పుడైనా నా ప్రాణం గుటుక్కుమనేది. ఐదో పొద్దున ఓబుళమ్మ గోనెపట్టా కప్పుకుని, దస్తగిరి చెయ్యి పట్టుకుని వచ్చింది. నేరుగా కొట్టు వైపు వెళ్లారు. ఎంతకీ రారు. చివరికి వచ్చి, ఆమె తన బొటనవేలి గోరు నా మొహానికి దగ్గరగా పెట్టింది. గోరు విరిగి ఉంది.

"గీత పడల్యా," అంది.

దస్తగిరి తడిసిన టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. ఇన్నాళ్లు తప్పు చెప్పాననీ, ఈ వారంలోనే ఆ బోర్డు పీకించి పుల్లన్న మేస్త్రీ సున్నపు గానుగ అని రాయిస్తాననీ అన్నాడు. మూడేళ్లుగా నేను ఎదురుచూసిన మాట అది. రాయించరా నాయనా, రాయించు అని నా లోలోపల కేకలు పెట్టాను. ఓబుళమ్మ బోర్డును అటునుంచి ఇటు చదివింది. తండ్రి పేరు పడే చోటును అరచేత్తో ఒకసారి తడిమింది. నేను చూశాను.

"వద్దులే నాయనా. గానుగ అని రాస్తే పనిముట్టు అయిపోతాది, మళ్లా ముట్టుకోనీరు. దచ్చినం గోడ గూడా చెమ్మగానే ఉండాది."

అదీ సంగతి. రేపు ఆదివారం, మూడు బస్సులు వస్తున్నాయట. గాడిలో కొత్త సున్నం వేశారు. మీరూ ఎప్పుడైనా ఇటు వస్తే చొక్కా చేతులు మడిచి నాలుగు చుట్లు తోసిపోండి. మేనేజరు దగ్గర మాత్రం ఈ కథ అనకండి. దక్షిణపు గోడ పూర్తయ్యేదాకా నేను రాజుగారి వ్యాయామ చక్రాన్నే.