బిగించానన్న మాట

ఆలుమగలిద్దరూ ఇళ్ళకు ఇన్వర్టర్లు బిగించేవాళ్ళే. మూడు ఫేజుల వైర్లూ అతను చూసుకుంటే, న్యూట్రల్ ఆమె వంతు. చివర్లో ఆమె "బిగించాను" అంటేనే అతను మెయిన్ వేసేవాడు. పెళ్ళైన నాటినుంచీ ఆ పద్ధతికి తిరుగులేదు.

ఆ రోజు పని సొంతింట్లోనే. అత్తగారి ఆక్సిజన్ మిషన్ ఆగకూడదని పెడుతున్న ఇన్వర్టర్ అది. పొద్దున్నే కోడలు, అత్తగారిని కొన్నాళ్ళు బావగారింట్లో దించుదామంది. మొగుడు మూతి ముడుచుకున్నాడు, ఆమె బెట్టు చేసింది. పంతానికి పోవడంలో ఇద్దరూ ఇద్దరే.

న్యూట్రల్ వైరు దూర్చి, దాన్ని బిగించడానికి సరైన స్క్రూడ్రైవర్ కోసం కోడలు లోపలికి వెళ్ళింది. ఆ ముక్క చెబితే నోటి ముత్యాలు రాలిపోతాయా? అతనూ అడగలేదు. బిగించే ఉంటుంది, అలిగింది కాబట్టి చెప్పకుండా వెళ్ళిందనుకుని మెయిన్ వేసేశాడు. కరెంటు రాగానే అత్తగారు అలవాటుగా, అంతదాకా వాడిన ఆక్సిజన్ సిలిండర్ కట్టేసి, గొట్టం మిషన్‌కి మార్చుకుంది.

హాల్లో లైటు మసకబారింది. వంటింట్లో లైటు కళ్ళు చెదిరేలా వెలిగింది. న్యూట్రల్ బిగించకుండానే మెయిన్ వేశాడని కోడలికి అర్థమైంది. మూడు ఫేజులనూ అదుపులో ఉంచేది ఆ ఒక్క న్యూట్రలే. అది వదులైతే ఒక గదికి వోల్టేజీ చాలదు, ఇంకో గదికి రెట్టింపుకి దగ్గరగా పోతుంది. మిషన్ ఉన్నది వంటింటి లైన్ మీదే.

ఆపమని కేకేసింది. బయట అతనికి కేకే తప్ప మాట వినపడలేదు. మళ్ళీ గొడవకే అనుకుని పలకలేదు.

ఆమె గదిలోకి పరుగెత్తింది. మిషన్ నుంచి కాలిన వాసన వస్తోంది. ప్లగ్ పీకేసి, గొట్టం సిలిండర్‌కి తగిలించింది. అత్తగారు గట్టిగా కట్టేసిన వాల్వు ఎంత తిప్పినా కదల్లేదు. అత్తగారి పెదాలు నీలంగా మారుతున్నాయి. కోడలు ఏడుస్తూ కిటికీలోంచి బయటికి అరిచింది.

"ఏవండీ, న్యూట్రల్ బిగించలేదు! మీ అమ్మకి ఊపిరాడటం లేదు!"

అతను మెయిన్ ఆపడంతో ఇంట్లో లైట్లన్నీ ఆరిపోయాయి. అతను పరుగున వచ్చి, పానాతో వాల్వు తిప్పాడు. సిలిండర్ బుస్సుమంది. కాసేపటికి అత్తగారి ఊపిరి కుదుటపడింది.

"బిగించలేదని చెప్పొద్దా?" అన్నాడు.

"మీరు అడిగారా?"

అత్తగారు ముఖం మీది ఆక్సిజన్ మాస్కు కొంచెం పైకెత్తింది.

"నన్ను పెద్దాడింట్లో దింపెయ్యండిరా. నా మూలంగా మీరు మాటలు మానుకోవద్దు."

పొద్దున కోడలు కోరింది అదే. ఇప్పుడు సరేననడానికి ఆమెకు మనసొప్పలేదు. అత్తగారి మాస్కు తిరిగి సర్దింది.