బకెట్ చప్పుడు

విల్మా చేపను బల్ల మీద పెట్టి, పొట్ట చీల్చి, పేగులూ ముల్లూ తీసి బకెట్‌లో వేసింది. జూన్ నెల. సాల్మన్ చేపలు నదిలో ఎదురెక్కుతున్నాయి. ఒడ్డు పొడుగునా ప్రతి ఇంటివెనుకా చేపలకు పొగపెట్టే పాకల్లోంచి పొగ లేస్తోంది.

చేపను కోశాక మిగిలినదంతా తిరిగి నదికే ఇచ్చెయ్యాలి. అలా ఇస్తేనే పైయేడు చేపలు మళ్ళీ వస్తాయని ఇక్కడి ఆదివాసుల నమ్మకం. విల్మాకి అరవై ఎనిమిదేళ్ళు. ఆ ఆనవాయితీ ఆమె ఏనాడూ తప్పలేదు. పన్నెండు రోజులుగా మాత్రం బకెట్ నదివైపు వెళ్ళడం లేదు. పాక వెనుక చెట్లలోకి వెళుతోంది.

అక్కడ రెండు గ్రిజ్లీ ఎలుగుబంట్లు బకెట్ పిడి చప్పుడు కోసం ఎదురుచూస్తుంటాయి. ఒకటి నల్లది, ఒకటి మెడచుట్టూ తెల్లచార ఉన్నది. మూడో ఏడు నడుస్తున్న పిల్లలు. మే నెలలో వాటి తల్లి వాటిని తరిమేయడం విల్మా తన కళ్ళతో చూసింది. దగ్గరికి వస్తే కొట్టింది, కరవబోయింది. తల్లి నది దాటి వెళ్ళిపోయాక కూడా పిల్లలు రెండూ నీళ్ళ అంచున నిలబడి మూలిగాయి.

విల్మాకి ఆరేళ్ళప్పుడు ప్రభుత్వం వాళ్ళు వచ్చి, దూరాన ఉన్న బడికని ఆదివాసీ పిల్లలందరినీ బలవంతంగా పడవ ఎక్కించారు. రేవులో తల్లి నిలబడింది. పడవ మలుపు తిరిగేదాకా విల్మా ఆమె తలగుడ్డనే చూసింది. తిరిగి వచ్చేసరికి పదేళ్ళు గడిచాయి, తల్లి లేదు. చేప కోయడం కూడా ఊళ్ళో ఇంకెవరో నేర్పారు.

"ఏం వదినా, నీ అల్లుళ్ళకి భోజనాలయ్యాయా?" అంది పక్కింటి మేవిస్ కంచె మీదుగా. "ఉప్పూ కారం సరిపోయాయో లేదో అడిగావా?"

"నోర్ముయ్. లైల్ వింటాడు."

"వినాల్సిందే మరి. నీకేమో జాలి, నాకేమో కాళ్ళలో వణుకు."

లైల్ విల్మా చెల్లెలి కొడుకు. ఎలుగులు ఊళ్ళోకి రాకుండా ఊరి తరఫున కాపలా కాసేది అతనే. ఆ సాయంత్రం వచ్చి కాఫీ తాగుతూ అడిగాడు.

"పెద్దమ్మా, ఆ రెండూ ఊరు వదలడం లేదు. ఎవరైనా తిండి పెడుతున్నారేమో? ఈ ఎండాకాలంలో దుంపలు తవ్వుకోవడం, చేప పట్టుకోవడం వాటికవే చెయ్యకపోతే చలికాలం దాటవు."

"నాకేం తెలుసురా. నాదంతా నదికే పోతోంది."

అతను నమ్మాడు. పెద్దమ్మ అబద్ధం చెబుతుందని అతనికెందుకు తోస్తుంది?

నాలుగు రోజుల తర్వాత, మిట్టమధ్యాహ్నం, మేవిస్ తన పాకలో బకెట్ ఎత్తి బల్ల మీద పెట్టింది. పిడి ఠంగుమంది. ఆ చప్పుడుకి నల్లది తలుపు తోసుకుని లోపలికి వచ్చేసింది. కోపంతో కాదు, అన్నానికి పిలిచారనుకుని వచ్చింది. మేవిస్ అరిచింది. అది వెనక్కి తగ్గలేదు, ఇంకా ముందుకు వచ్చింది. పరుగెత్తుకొచ్చిన లైల్‌కి మరో దారి లేకపోయింది. తుపాకీ రెండుసార్లు పేలింది.

విల్మా వెళ్ళి చూసింది. ఏడుపు రాలేదు. చేతికంటిన చేప పొలుసులను ఒక్కొక్కటే గిల్లుకుంటూ నిలబడింది.

లైల్ మోకాళ్ళ మీద కూర్చుని ఎలుగు పంజా ఎత్తాడు. "చూడు పెద్దమ్మా. గోళ్ళు అరగనే లేదు. ఈమధ్య నేల తవ్వలేదిది."

"నేనేరా పెట్టింది," అంది విల్మా. "తల్లి తరిమేసింది కదా అని."

లైల్ పంజాను మెల్లగా నేల మీద పెట్టాడు.

"నిన్ను మీ అమ్మ దగ్గర్నుంచి లాక్కుపోయారు, ఏమీ నేర్పనివ్వకుండా," అన్నాడు. "ఈ తల్లి అలా కాదు. తనకి తెలిసిందంతా రెండేళ్ళు నేర్పింది. నేర్పాకే తరిమింది. ఆ రెండూ ఒకటే అనుకున్నావు నువ్వు."

మేవిస్ వచ్చి, వదిన భుజం మీద శాలువా కప్పి లోపలికి వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున తెల్లచారది ఒక్కటే వచ్చింది. చెట్ల దగ్గర కూర్చుని బకెట్ కోసం చూసింది. లైల్ తుపాకీతో పక్కన నిలబడ్డాడు. విల్మా రాయి తీసి విసిరింది. అది కదలలేదు, ఆమె ముఖంలోకే చూసింది. రెండో రాయి దాని మూపుకి తగిలింది.

"పో! నా దగ్గరేం లేదు, పో!"

అది లేచి, రెండుసార్లు వెనక్కి తిరిగి చూసి, నదిలోకి దిగింది. అవతలి ఒడ్డున చెట్లు దాన్ని కమ్మేసేదాకా విల్మా చెయ్యి దించలేదు. తర్వాత పాకలోకి వెళ్ళి బకెట్ తెచ్చి నదిలో బోర్లించింది. ముళ్ళు తేలుతూ పోయాయి.

మన చేతి ముద్ద తిన్నంతకాలం పిల్లలు మనవాళ్ళే అనిపిస్తుంది. నేర్పాల్సింది నేర్పి, ఆ ముద్ద ఆపెయ్యడం కూడా పెంపకమేనని, విల్మాలా ఒక ప్రాణం పోయాక తెలుసుకోకండి.